చంకకర్ర పడవ

మా పడవ మొదటిసారి బోల్తా పడింది గాలికి కాదు, కెరటానికీ కాదు. మా మావయ్యగారికి.

ఆయన చేసిందేమీ లేదు. సాయంత్రం కొబ్బరితోట చూసుకుని వస్తూ ఉప్పుటేటి గట్టు మీద బండి ఆపారు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నారు. అంతే. పడవలో నా ముందున్న ఐదుగురు ఆడవాళ్లూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఆరోదాన్ని నేను. వెనక చివర కూర్చుని "ఏటే, ఏటైందే మీకు, కూకోండే!" అని అరుస్తూనే నీళ్లలో ఉన్నాను.

నడుంలోతు నీళ్లే. కింద మోకాళ్ల దాకా బురద. వాళ్లలో పెద్దదైన ఎర్రమ్మ ఆ బురదలోంచి పైకొచ్చి, నోట్లో ఉప్పునీళ్లు ఉమ్మేసి, మొట్టమొదట చేసిన పని ఏమిటంటే తడికొంగు భుజం నిండా కప్పుకుని, గట్టువైపు తిరిగి ఒద్దికగా నిలబడటం. మునిగిపోతున్నా మర్యాద తప్పకూడదు మరి! మావయ్యగారు కాసేపు చూశారు. "జాగర్తమ్మా" అన్నారు. ఎవరితో అన్నారో తెలీదు. బండి తీసుకుని వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ ఐదుగురి మీదా కాదు. లేచి నిలబడటం మీద.

నా పేరు ధరణి. పుట్టింది, పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో. మా నాన్నది కంచిలి. ఇళ్లు కట్టే పనికి అండమాను వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఉన్నవాడు ఉన్నట్టుండక, పిల్లని మాత్రం ఉద్దానంలోనే ఇవ్వాలని పట్టుబట్టి నన్ను ఈ ఊరి కోడల్ని చేశాడు. మా ఆయన ఈశ్వర్ పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు, మంచివాడు, కాకపోతే తండ్రి ముందు నోరు పెగలదు. ఆ తండ్రి మన్మథరావుగారు, రెండుసార్లు ఊరికి ప్రెసిడెంటు. ఇప్పుడు పదవి లేదు. అయినా ఆయన కనబడితే ఊరు ఇంకా లేస్తూనే ఉంది.

ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టారంటే ఆడవాళ్లం లేవాలి. అన్నం తింటున్నా కంచం వదిలేసి లేవాలి. ఆయన కూర్చుంటే మేం కూర్చోవచ్చు, కూర్చోమంటే కూర్చోవచ్చు. ఆ మాట ఆయన అనరు. చెడ్డతనం కాదు, ఆయనకి గుర్తుండదు. ఫోను చెవికి పెట్టుకుని హాల్లో ఇటూ అటూ నడుస్తుంటారు, మేం గోడకి చేరి నిలబడి ఉంటాం. పెళ్లయి మూడేళ్లు. కూర్చున్నదాని కంటే లేచి నిలబడిందే ఎక్కువ. ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగను. ఏం కావాలన్నా అత్తగారి మీదుగానే.

అసలే నాకు కాలు ఒకచోట నిలవదు. పెరట్లోంచి వీధి గుమ్మానికి, గుమ్మంలోంచి మేడ మీదికి, మేడ మీంచి మళ్లీ పెరట్లోకి. మా అత్తగారు కామేశ్వరమ్మ చూసి చూసి విసుక్కునేది.

"కాలుగాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు? ఒక్క చోట కూకోలేవా?"

"కూకుంటే మావయ్యొచ్చినప్పుడు మళ్లీ లెగాల కదత్తా. ఆ నిలబడీదేదో ముందే నిలబడితే పోద్ది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. పైకి మాత్రం "నీ నోరు పడ" అనేది.

నేను కదలకుండా కూర్చోగలిగింది ఒక్కచోటే, పడవలో. పోర్ట్ బ్లెయిర్‌లో కాలేజీలో ఉండగా నికోబారీ స్నేహితురాళ్లు నేర్పారు. వాళ్ల పడవని హోడీ అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. పక్కకి రెండు కర్రలు చాచి, వాటి చివర్లకి ఓ తేలికపాటి దుంగ కడతారు. ఆ దుంగ నీటిని ఆనుకుని వస్తూ పడవని ఒరగనివ్వదు. అందరూ ఒక్కసారే తెడ్డు వేస్తే పడవ కత్తిలా పోతుంది. అప్పుడు నా కాళ్లు ఊరుకుంటాయి. ఎక్కడికైనా పోవాలని లోపల పెట్టే పోరు ఆగిపోతుంది, ఎందుకంటే పోతూనే ఉంటాం కదా.

మా ఊరికి ఒక పక్క కొబ్బరితోటలు, ఇంకోపక్క జీడితోటలు, మధ్యలో ఉప్పుటేరు, ఆ పైన సముద్రం. రాత్రీ పగలూ కెరటాల హోరు వింటూ బతుకుతారు కానీ రైతుల ఇళ్లల్లో ఒక్కరూ పడవెక్కి ఎరగరు. "మనం నాగలోలం, నీటోలం కాదు" అంటారు. నీళ్లు చేపలు పట్టే పాలెం వాళ్లవి. మనవి చెట్లు. అదీ లెక్క. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఆ ఏరు చూస్తుంటే నాకు పిచ్చెక్కేది. ఎదురుగా అంత నీరు, అవతల సరుగుడు తోపు, పోవడానికి దారి ఉండి పోకుండా నిలబడి చూడ్డం!

పోయిన వేసవిలో ఎర్రమ్మతో అన్నాను. ఎర్రమ్మ మా తోటలో కాయలు ఏరి పోగులు పెట్టే మనిషి. ఆ ఏటి గట్టునే పుట్టింది, ఆ గట్టునే మనవల్ని ఎత్తుకుంది.

"ఎప్పుడైనా అవతలకి ఎల్లావేటప్పా?"

"ఎందుకెల్తాను? అక్కడ నాకేటి పని?"

"పని లేకుండా ఎల్దాం."

ఎర్రమ్మ నన్ను ఎగాదిగా చూసింది. జీవితంలో ఎవరూ ఆమెని పని లేకుండా ఎక్కడికీ పిలవలేదనుకుంటాను. కాయలు ఏరుతూ ఏరుతూ ఆగి, "ఎప్పుడు?" అంది.

అలా మొదలైంది. పాలెంలో పాపారావు అనే ఆయన దగ్గర తుఫానుకి అంచులు విరిగిన పాత ఫైబరు పడవ ఇసకలో పడి ఉంటే అడిగి తెచ్చాం. ఈశ్వర్ పలాస నుంచి లావుపాటి నీళ్ల పైపు తెచ్చి రెండు చివర్లూ మూయించాడు. వెదురు కర్రలతో పడవకీ పైపుకీ జోడు కట్టాం. ఆ పక్కనున్నది చూసి పాపారావు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పడవకి సంకకర్ర ఏటమ్మా? కుంటిదేటి మీ పడవ?"

ఆ రోజు నుంచి ఊరంతా దాన్ని చంకకర్ర పడవ అనే పిలిచింది. నేను హోడీ అని ఎంత చెప్పినా ఎవరికీ పట్టలేదు. చివరికి నేనూ అదే అనడం మొదలుపెట్టాను.

మనుషులు దొరకడమే ఆశ్చర్యం. పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే రోజా వచ్చింది. పొద్దస్తమానం నేల మీద ముడుచుకుని కూర్చుంటుంది, చేతులు బారజాపే పని ఏదైనా సరే అంది. అంగన్‌వాడీ ఆయా భాగ్యశ్రీ వచ్చింది. జీడితోటల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లిద్దరు వచ్చారు. "దీన్ని క్లబ్బంటారు" అని నేను చెబితే మా అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా, క్లబ్బేటే! పేకాటేటి?" క్లబ్బంటే ఆవిడకి తెలిసింది టెక్కలిలో పోలీసులు పట్టుకునే క్లబ్బే.

మొదటి వారమంతా పడవ బాతులా అటూ ఇటూ ఊగుతూ గుండ్రంగా తిరిగింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు ఎత్తుతున్నారు. అరిచాను, తిట్టాను. చివరికి రోజా నవ్వుతూ చెప్పింది, ఒకే రోట్లో రెండు రోకళ్లు వేసేటప్పుడు ఒకటి లేస్తే ఒకటి పడాలి కదా, వీళ్ల చేతులకి వచ్చింది అదేనని. ఆ అలవాటు మాన్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆరు తెడ్లూ ఒక్కసారి నీళ్లలో మునిగాయి. పడవ ముందుకి దూకింది. ఎర్రమ్మ "ఓర్నాయినో!" అని అరిచింది. ఆపకుండా వేస్తూనే ఉన్నాం. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. వెనక కూర్చున్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆ మర్నాడే మావయ్యగారు గట్టు మీద బండి ఆపడం, మేం మునగడం.

ఊళ్లో రెండు రోజులు అదే కబురు. పాలు పోసేవాడు కూడా "ఈత నేరిసేరేటమ్మా" అని అడిగాడు. నేను ఐదుగురినీ గట్టు మీద కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను, పడవలో లేవకూడదని, దేవుడొచ్చినా లేవకూడదని.

"తెల్దా నాకు?" అంది ఎర్రమ్మ. "నానేటి కావాలని లెగిసేనా? బాబుని సూసినాను. కాళ్లు ఆటంతటవే లెగిసినాయి."

"మా ఫ్యాక్టరీలో మేనేజరొస్తే లెగమప్పా" అంది రోజా. "లెగితే పప్పు ముక్కైపోద్ది, ఆడే తిడతాడు."

"మరి మొన్న నువ్వెందుకు లెగిసేవే?"

"ఆడు మేనేజరు. ఈయన పెసిరెంటు!"

ఇలా కాదని, అలవాటు చేయిస్తాననుకున్నాను. మావయ్యగారి తువ్వాలు ఒకటి ఉతికే బట్టల్లోంచి తీసుకెళ్లి భుజాన వేసుకుని, ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నడిచాను. పడవలో వాళ్లు లేవలేదు. నవ్వి నవ్వి చచ్చారు. నవ్వుకి కూడా పడవ ఊగింది కానీ పడలేదు. సరే, ఇది కుదిరింది అనుకున్నాను. నాకంటే తెలివైనది లేదనుకున్నాను.

వారం తిరగకుండా ఆయన నిజంగానే వచ్చారు. ఈసారి వాళ్లు అయిదుగురూ తలలు వంచుకుని, పడవ అంచులు రెండు చేతులా పట్టుకుని, పళ్ల బిగువున కూర్చున్నారు. కదల్లేదు. పడవ మాత్రం పడింది. లేచింది నేను.

ఎప్పుడు లేచానో నాకే తెలీదు. తువ్వాలు కనబడింది, లేచి ఉన్నాను. తెడ్డు చంకలో ఉంది, కొంగు సర్దుకుంటున్నాను. అంతే, అందరం నీళ్లలో. తేలాక వాళ్లు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. వాళ్లందరి కంటే నేను వేరే అనుకున్నాను. సముద్రం మీద పెరిగినదాన్ననుకున్నాను. మూడేళ్లలో ఆ ఇల్లు నా మోకాళ్లలోకి దిగిపోయింది, నాకు చెప్పకుండా.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారు మాట్లాడారు. నాతో కాదు, అత్తగారితో. నేను నిలబడి వింటున్నాను.

"కార్తీక పౌర్ణమికి ఊరంతా ఏటి కాడికి స్నానానికొత్తాది కదా. ఆ పొద్దు అందరి ముందరా అవతలి గట్టుకి ఎల్లి రమ్మను. పడకుండా వస్తే మన రేవులోనే పడవ కట్టుకోమను. మద్దిలో పడితే మాత్రం పాపారావుకి ఇచ్చీమను. ఇంటి కోడలు ఇలగ బురదలో పడి లెగుస్తంటే ఊరు నవ్వుతన్నాది."

అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆ రేవు ఆయనది, తోట ఆయనది, నవ్వులపాలయ్యేది ఆయన పేరు. అదే నాకు మరీ మంట. తిట్టి ఉంటే తిరగబడటానికైనా ఉండేది.

నిద్ర పట్టలేదు. మంచం మీద ఈశ్వర్‌ని కుదిపి లేపాను.

"బావా, ఈసారి పడితే నానెల్లిపోతాను."

"ఎక్కడికి?"

"విశాపట్నం నుంచి ఓడుంది, పౌర్ణమెల్లాక. మా అమ్మకి సెప్పీసినాను. ఎల్తే మళ్లీ రాను."

అతను లేచి కూర్చున్నాడు. నేను హాస్యానికి అనలేదని అతనికి తెలుసు. "పడవ కోసమేటి?" అన్నాడు.

"పడవ కోసం కాదు. ఆ పడవ లేకపోతే నానీ ఇంట్లో నిలబడీ నిలబడీ సచ్చిపోతాను. కూకోడానికి నాకొక్క సోటైనా ఉండాల కదా."

అతను దిండు ఒళ్లోకి లాక్కున్నాడు. "నాన్నకి సెప్తాను, ఆ పొద్దు గట్టు మీదకి రావొద్దని."

"ఆయన రాకపోతే ఇంకేటి? ఆయన లేనప్పుడు ఎలాగూ పడట్లేదు కదా."

అతను మళ్లీ పడుకున్నాడు. మర్నాటి నుంచి రోజూ తెడ్లు వేశాం. గాలి, ఎండ, తుప్పర, ఏదీ చూడలేదు. పడవ బాణంలా పోయేది. మా చేతుల్లో ఏ లోపమూ లేదు. లోపం కాళ్లలో ఉంది. వాటికి ఏం నేర్పాలో నాకు తెలీదు. ఒకరోజు భాగ్యశ్రీ మా నడుములు పడవ అడ్డపట్టీలకి కట్టేసుకుందాం అంది. ఒరిగితే అందరం కట్టుకున్నచోటే మునుగుతామని ఎర్రమ్మ కసిరింది. ఇంటికొచ్చి మేడ మీద అటూ ఇటూ తిరిగేదాన్ని. ఓడ బయల్దేరే తేదీ ఫోనులో చూసేదాన్ని, మూసేదాన్ని, మళ్లీ చూసేదాన్ని. సూట్‌కేసు అటక మీంచి దించి మంచం కిందికి తోశాను. అత్తగారు చూసింది.

పౌర్ణమి నాడు తెల్లవారేసరికి ఏటి గట్టు నిండిపోయింది. ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్లలో వదులుతున్నారు. ఇచ్ఛాపురం వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు చిన్న చిన్న దొప్పపడవలే చేసి, ఒరియాలో ఏదో అనుకుంటూ వదిలారు. పాలెం నుంచి పాపారావు, అతని జనం తమాషా చూడ్డానికి వచ్చారు. పెద్దవాళ్లు ఇసక మీద కూర్చుని తమలపాకులు నములుతున్నారు. మావయ్యగారు ఇంకా రాలేదు, పూజలో ఉన్నారన్నారు. ఆయన వచ్చేలోపే బయల్దేరిపోదామంది రోజా. పిరికితనమే కానీ, నాకూ బాగానే ఉందనిపించింది.

అందరి ముందూ పడవెక్కాం. ముందు రోజా, తర్వాత ఎర్రమ్మ, అక్కాచెల్లెళ్లు, భాగ్యశ్రీ, వెనక నేను. మొదటి తెడ్డు వేశాం, రెండోది వేశాం. దీపాల దొప్పలు పక్కకి తప్పుకున్నాయి. గట్టు మీద ఎవరో ఈల వేశారు.

అంతలో గట్టు మీద అలికిడి మారింది. నేను తల తిప్పనక్కర్లేకపోయింది. ఇసక మీద కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడుతున్న చప్పుడు, బట్టలు దులుపుకునే చప్పుడు. వచ్చారు.

వెనక కూర్చున్నవాళ్లకి ముఖాలు కనపడవు, వీపులే కనపడతాయి. నా ముందు ఐదు వీపులు. మొదట ఎర్రమ్మ వీపు బిగిసింది. తర్వాత అక్కాచెల్లెళ్లవి. తెడ్లు ఆగిపోయాయి. ఎర్రమ్మ అరచేతులు రెండూ పడవ అంచుల మీద ఆనాయి, లేవబోయేవాళ్లు ఆనించినట్టే. చంకకర్ర వైపు పైపు నీటిమీంచి ఒక బెత్తెడు పైకి లేచింది. నా మోకాళ్లలో కూడా అదే కదలిక మొదలైంది. ఇంకో క్షణం ఆగితే పడిపోతాం. మంచం కింద సూట్‌కేసు, అంతే సంగతులు.

నేను గట్టు వైపు తిరిగాను. మావయ్యగారు నీటి అంచున, ఇస్త్రీ పంచెలో, భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నారు. ఆయన వెనక ఊరంతా నిలబడి ఉంది.

"మావా!" అని అరిచాను. "కూకో మావా!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా అత్తగారు తల పట్టుకోవడం చూశాను. ఈశ్వర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మూడేళ్లలో ఆయనతో నేరుగా అన్న మొదటి మాట, అదీ 'నువ్వు' అని, ఊరందరి ముందూ, కూకో అని.

"నువ్వు నిలబడితే మేం పడిపోతాం! కూకో!"

ఆయన నన్ను చూశారు. తర్వాత ఎర్రమ్మ వీపుని చూశారు, నీటిమీంచి లేచిన ఆ పైపుని చూశారు. ఆయన ముఖంలో ఏముందో అంత దూరం నుంచి నాకు తెలీలేదు. కోపమే అనుకున్నాను. తిరిగి వెళ్లిపోతారనుకున్నాను.

ఆయన ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, మెల్లిగా, తడి ఇసకలో కూలబడ్డారు.

ప్రెసిడెంటు కూర్చుంటే ఊరు నిలబడుతుందా? ముందు ఆయన వెనకున్న పెద్దలు కూర్చున్నారు, తర్వాత వాళ్ల వెనక వాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు. పాపారావు ఎందుకు కూర్చుంటున్నాడో తెలీకుండానే కూర్చున్నాడు. గట్టు మొత్తం నేలకి దిగింది. ఎర్రమ్మ చేతులు అంచుల మీంచి జారాయి. వీపు వదులైంది. పైపు నీటి మీద చప్పున వాలింది.

"ఏయండే!" అన్నాను. వేశాం.

అవతలి గట్టు దాకా తెడ్డు ఆపలేదు. సరుగుడు తోపు కింద పడవ ముక్కు ఇసకకి తగిలాక ఎర్రమ్మ చెయ్యి చాచి, గట్టు మీది ఇసక పిడికిట్లోకి తీసుకుని చూసుకుంది. మన గట్టు ఇసకే. అయినా కొంగున ముడేసుకుంది. అక్కడ దిగి కాసేపు ఊపిరి పీల్చుకున్నాం. పౌర్ణమి పోటు మొదలైంది, సముద్రం నీరు ఏట్లోకి ఎక్కుతోంది. రోజా ఇవతలి గట్టు వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఓలప్పా, ఆయనింకా కూకునే ఉన్నాడే. నీళ్లు ఆయన కాడికెల్లిపోతన్నాయి. లెగడేటి?"

"ఆయన లెగితే జనం లెగుత్తారు. జనం లెగితే మనం లెగుత్తాం" అంది ఎర్రమ్మ. "ఆ సంగతి తెలిసిపోనాది బాబుకి."

ఆ మనిషి మీద నాకు మూడేళ్ల కోపం ఉంది. అది పోయిందని అబద్ధం చెప్పను. కానీ అది ఓడెక్కి పోయేంత కోపం కాదని అప్పుడు తెలిసింది. ఆయన కూర్చోమనకపోవడం గుర్తులేకేనని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నమ్మలేదు. ఇప్పుడు నమ్మాను. మూడేళ్లలో ఎవరూ ఆయనకి గుర్తు చెయ్యలేదు మరి, నాతో సహా.

పోటుకి ఎదురు వేస్తూ తిరిగొచ్చాం. చేతులు పీకుతున్నాయి, ఎర్రమ్మ ఊపిరి ఈలలా వినిపిస్తోంది. దగ్గరికొచ్చేకొద్దీ ఆయన స్పష్టంగా కనబడ్డారు. నీళ్లు ఆయన చుట్టూ చేరాయి. పంచె నడుం దాకా తడిసి ఒంటికంటుకుంది. రెండు దీపాల దొప్పలు కొట్టుకొచ్చి ఆయన మోకాళ్ల దగ్గర ఆగి ఉన్నాయి. ఈశ్వర్ పక్కనే గొంతుక్కూర్చుని ఏదో చెబుతున్నాడు, ఆయన చెయ్యి ఊపి కొడుకుని కూర్చోమంటున్నారు. ఊరంతా ఆయన వెనక బుద్ధిగా కూర్చుని ఉంది.

పడవ ఆయనకి బారెడు దూరంలో ఆగింది. ఎవరం కదల్లేదు. ఆయన నా వైపు తలెత్తి చూశారు. నేరుగా, నాతోనే, మొదటిసారి మాట్లాడారు.

"ఇక లెగొచ్చా, అమ్మా?"

"ఉండు మావా" అన్నాను. "ముందు మేం దిగాల."

ఆయన సరేనన్నట్టు తలూపి, నీళ్లలోనే సర్దుకుని కూర్చున్నారు. మేం ఒకరి తర్వాత ఒకరం, తొందరపడకుండా దిగాం.